వంక ఒకటే, లెక్క ఊరికొకటి

పై ఊరివాళ్లు వంకకు అడ్డంగా చెక్‌డ్యాములు కట్టుకోబట్టే తమ చెరువు నిండడం లేదని కింది ఊరివాళ్లు అంటారు. తమ పొలాల్లో పడిన వానను తాము ఆపుకుంటే తప్పేమిటని పై ఊరివాళ్లు అడుగుతారు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఈ తగాదా ఏటా ఏదో ఒక వంక మీద వినిపిస్తూనే వుంటుంది. ఇద్దరి మాటలోనూ న్యాయం వుంది. ఇద్దరూ పైకి చెప్పని సంగతి కూడా ఒకటి వుంది. పై ఊళ్లో ఆగిన నీరు పై ఊళ్లో అయినా మిగలడం లేదు. చెక్‌డ్యాముకు కూతవేటు దూరంలో బోర్ల మీద బోర్లు పడుతున్నాయి. సంక్రాంతి దాటేసరికి కట్ట వెనుక నెర్రెలు విచ్చిన ఒండ్రు, కట్ట పక్కన గాలి పోస్తున్న బోర్లు కనిపిస్తున్నాయి. నీరు నిలపడానికి ఊరంతా మట్టి మోసింది. ఆ నీరు వాడుకున్నది నలుగురు.

భూమి అభివృద్ధికి ఈ జిల్లాలో పనులు జరగలేదని ఎవరూ అనలేరు. కరువు ప్రాంతాల అభివృద్ధి పథకం 1973-74లోనే వచ్చింది. ఆనాడు ఒక శాఖ గట్లు వేస్తే ఇంకో శాఖ మొక్కలు నాటేది. ఒకరి పనితో మరొకరికి పొత్తు వుండేది కాదు. ఆ లోపం చూసే 1994లో ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు అధ్యక్షతన వేసిన కమిటీ, పనులన్నీ వాటర్‌షెడ్ లెక్కన, ఊరివాళ్ల కమిటీల చేతుల మీదుగా సాగాలని చెప్పింది. 1995 ఏప్రిల్ నుంచి ఆ పద్ధతి అమలులోకి వచ్చింది. 2000లో నీరు-మీరు వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని దేశం మొత్తానికి ప్రారంభించింది నార్పల మండలం బండ్లపల్లిలోనే. ఆ పథకం కింద తవ్విన కందకాలు, ఊటకుంటలు, సేద్యపు కుంటలు, పేర్చిన రాతి కట్టలు ఎన్నో కొండ పాదాల వెంట నడిచి చూస్తే తెలుస్తుంది. వాటివల్ల మేలు లేదనడం అన్యాయమే అవుతుంది.

అయితే పని కొండ మీద మొదలై మెల్లగా కిందికి దిగాలనేది వాటర్‌షెడ్‌కు మూల సూత్రం. కొండ మీద పరుగెత్తే నీటిని నడిపించాలి, మిట్ట పొలంలో నడిచే నీటిని నిలబెట్టాలి, వంకలో నిలబడ్డ నీటిని ఇంకించాలి. చాలాచోట్ల ఇది తలకిందులైంది. కొండ మీద కందకం తీస్తే కూలీలకు కూలి దొరుకుతుంది, అంతకు మించి ఎవరికీ ఏమీ మిగలదు. సిమెంటు కట్టకయితే పెద్ద బిల్లు వుంటుంది. అందుకే పని వంకలో మొదలై వంకలోనే ముగిసిన ఊళ్లు కొల్లలు. పైన మట్టి కోత ఆగలేదు గనుక ఆ మట్టి వచ్చి కింది కట్టల్లో చేరింది.

ఇంకో లోపం కొలతలోనే వుంది. 1995 నాటి పద్ధతిలో ఒక్కో వాటర్‌షెడ్‌కు సుమారు 500 హెక్టార్లు, అంటే 1,235 ఎకరాలు లెక్క కట్టారు. అది ఒక ఊరి పొలానికి సరిపోయే ముక్క. పెద్ద చెరువు నిండాలంటే దానిపైన పది ఊళ్ల పొలాల నుంచి నీరు రావాలి. ముక్కలు ముక్కలుగా ప్లాన్లు వేసుకుంటూ పోతే ఏ ముక్కకు ఆ ముక్క బాగానే కనపడుతుంది. చివరనున్న చెరువు మాత్రం ఎవరి ప్లానులోనూ లేకుండా పోతుంది.

ఎకరం వరికి ఎన్ని ఎకరాల వాన?

రైతు మాటల్లో చెప్పుకోదగిన లెక్క ఒకటి వుంది. ఉమ్మడి జిల్లాలో ఏడాదికి కురిసేది సగటున 550 మిల్లీమీటర్లు. ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సుమారు 4 వేల లీటర్లు. అంటే ఏడాది మొత్తం మీద ఎకరానికి 22 లక్షల లీటర్లు. వినడానికి చాలానే వుంది. కాని అందులో పెద్ద భాగం ఎండకు ఆవిరవుతుంది, పైరూ చెట్టుచేమా తాగుతాయి, కొంత వంకల వెంట పోతుంది. మన వంటి రాతి నేలల్లో భూమిలోకి ఇంకి బోర్లకు చేరేది ఇంచుమించు పదో వంతు. ఎకరానికి 2 లక్షల 20 వేల లీటర్లన్నమాట.

ఇక ఖర్చు వైపు చూద్దాం. వరి మడికి నారు పోసిన నాటి నుంచి కోత దాకా 1,200 మిల్లీమీటర్ల నీరు కావాలి. ఎకరానికి 48 లక్షల లీటర్లు. బోరు కింద ఒక ఎకరం వరి పెట్టిన రైతు ఇరవై ఎకరాలకు పైగా భూమిలో ఇంకిన వానను తోడుతున్నాడు. మడిలోంచి కొంత నీరు మళ్లీ ఇంకుతుందని తీసివేసినా పది పన్నెండు ఎకరాలకు తగ్గదు. ఆ పది పన్నెండు ఎకరాలు ఎవరివి? వాటిలో ఎక్కువ భాగం బోరు లేని రైతులవి. వాళ్ల చేలో పడి, వాళ్ల గట్టు దగ్గర ఆగి ఇంకిన వాన అది. వాళ్ల వేరుశనగ ఊడలు దిగే సమయానికి వాన ఎగ్గొడితే ఒక్క తడికి కూడా ఆ నీరు వాళ్లకు అందదు. ఒకప్పుడు ఎనిమిది లక్షల హెక్టార్ల దాకా వేరుశనగ వేసిన ఈ జిల్లాలో పంట పోయినదల్లా చాలాసార్లు ఆ ఒక్క తడి లేకనే.

చెక్‌డ్యాములు కడితే ఆ పదో వంతు కాస్త పెరుగుతుంది. లేని వానను కట్ట పుట్టించలేదు. కట్ట కట్టిన ఏడాదే పక్కన మూడు కొత్త బోర్లు వేసి వరి మడి పెంచితే, చీనీ చెట్లు నాటితే, ఆ పెరిగినది కాస్తా మొదటి వేసవికే పోతుంది. నిలుపుకోవడం ఎలాగో అందరికీ నేర్పారు. ఎంత వాడుకోవాలో మాత్రం ఏ పథకంలోనూ గట్టిగా చెప్పలేదు.

ఈ సంగతి మన పెద్దలకు తెలియనిది కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం వుంది. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఆ చెరువు కట్టించినప్పటిది. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పని చేసినట్టు అందులో వుంది. మంచి చెరువుకు కావలసిన అంగాలు పన్నెండు, వుండకూడని దోషాలు ఆరు అని లెక్కపెట్టి చెప్పారు. కట్టలోంచి నీరు కారడం, చవుడు నేల, చెరువు నడుమ మిట్ట వుండడం ఎవరికైనా తోచే దోషాలే. నీరు కొంచెమై తడపవలసిన పొలం ఎక్కువ కావడం కూడా దోషమేనని ఆ శాసనంలో వుంది. (నీరెక్కువై పొలం తక్కువ కావడమూ దోషమే అన్నారు గాని, ఆ దోషం అనంతపురం జిల్లాకు పట్టే ప్రమాదం లేదు.) ఇంకో దోషం, చెరువు రెండు రాజ్యాల సరిహద్దున వుండడం. చిత్రావతి మీద ఆధారపడ్డ బుక్కపట్నం, ధర్మవరం చెరువుల రైతులకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. ఎగువన కర్ణాటకలో బాగేపల్లి దగ్గర పరగోడు ఆనకట్ట కడుతున్నారని తెలిసి రెండు దశాబ్దాల కిందట ఈ జిల్లాలో ఎంత ఆందోళన జరిగిందో చాలామందికి గుర్తే.

చెరువు తవ్వించినవారికీ, మరమ్మతు చూసేవారికీ శిస్తులో పదో వంతు వదిలే దశబంధం ఇనాములు రాయలసీమలో వుండేవి. తూము తీయడం, ఎవరి మడికి ఎంతసేపు అన్నది చూడడం నీరుగంటి పని. చెరువులో నీరు సగమే చేరిన ఏడు నాట్లూ ఆ మేరకే పడేవి. ఆ కాలాన్ని బంగారు కాలమని పొగడనక్కరలేదు. కట్టకు మట్టి మోసినవారిలో ఆయకట్టు కింద సెంటు భూమి లేనివారెందరో. కాని నీరు చూసి పైరు పెట్టే కట్టుబాటు ఒకటి వుండేది. చెరువు నీరు కంటికి కనపడుతుంది గనుక అది సాగింది. బోరు నీరు కనపడదు. పక్కవాడి బోరులో పడిపోతేనే అది మన బోరులోంచీ పోయిందని తెలుస్తుంది.

గోడ మీద రాసిన నీటి లెక్క

కనపడని ఆ నీటిని కొలిచి గోడ మీద రాసిన ప్రయత్నం మన రాష్ట్రంలోనే జరిగింది. నెదర్లాండ్స్ దేశం, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో 2003 తర్వాత కొన్నేళ్లపాటు అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లోని కొన్ని వందల పల్లెల్లో నడిచింది. రైతులే భూగర్భ జలాలను చూసుకునే పద్ధతి అని దానికి పేరు. నంద్యాలకు చెందిన బర్డ్స్ సంస్థ దాన్ని ముందుండి నడిపింది.

పని చూడబోతే చిన్నదే. ఊళ్లో ఒక వానమాపకం పెట్టారు. కొన్ని బోర్లను గుర్తు పెట్టుకుని పదిహేను రోజులకోసారి నీటి మట్టం ఎంత లోతున వుందో కొలిచారు. బోరు ఎన్ని నీళ్లు పోస్తోందో డ్రమ్ము పెట్టి, గడియారం చూసి రాసుకున్నారు. చదువు తక్కువైన ఆడవాళ్లూ మగవాళ్లూ కూడా ఈ కొలతలు నేర్చుకున్నారు. ఆ అంకెలన్నీ అందరికీ కనపడేలా ఊళ్లో రాసిపెట్టారు. ముంగారు వానలు వెనకబట్టాక, రబీ విత్తనానికి ముందు ఒక వాగు పరిధిలోని ఊళ్లన్నీ కలిసి కూర్చునేవి. ఎంత వాన పడింది, ఎంత ఇంకి వుంటుంది, ఎవరెవరు ఏ పంట ఎన్నెకరాలు పెట్టదలచారు అని లెక్క వేసేవారు. పెట్టదలచిన పంటకు ఇన్ని నీళ్లు కావాలి, వున్నవి ఇన్నే అని అంకె పక్కన అంకె వేసి చూపేవారు.

వరి వేయవద్దని ఎవరికీ ఆజ్ఞ లేదు. లెక్క చూసి ఇంటికి వెళ్లి ఎవరి నిర్ణయం వారు చేసుకున్నారు. అయినా అనేక చోట్ల వరి తగ్గి ఆరుతడి పంటలు వచ్చాయి. రైతు మొండివాడని, చెబితే వినడని అనే అధికారులు ఇక్కడ ఆగి ఆలోచించాలి. లోపల నీళ్లెన్ని వున్నాయో తెలియని మనిషి పక్కవాడికంటే ముందే తోడుకోవాలని చూస్తాడు. తెలిసినవాడు తన అప్పు ఎంతలో మునిగిపోతుందో చూసుకుంటాడు.

ఇందులో లోటు లేదని కాదు. బయటి డబ్బు ఆగిపోయాక చాలా ఊళ్లల్లో కొలతలూ ఆగిపోయాయి. వానమాపకం వున్నచోటే వుండిపోయింది, రాసే మనిషికి మాత్రం పది రూపాయలిచ్చేవాళ్లు లేకపోయారు. పంచాయతీ పద్దులో ఆ పని చేరి వుంటే నిలిచేదేమో. రోడ్డుకు, దీపాలకు పద్దు వున్నట్టు నీటి కొలతకు పద్దు పెట్టాలన్న ఆలోచన అప్పుడు ఎవరికీ రాలేదు.

ఇంతలో ప్రభుత్వాల ధోరణి ఒక చేత్తో బిగించి ఇంకో చేత్తో వదలడంగా సాగింది. 2002లో వాల్టా చట్టం వచ్చింది. బోరు వేయాలంటే అనుమతి కావాలని, ఊరి తాగునీటి బావికి 250 మీటర్ల లోపల వేయరాదని అందులో వుంది. 2004లో సేద్యానికి ఉచిత కరెంటు వచ్చింది. కరువులో కూరుకున్న రైతుకు అది ప్రాణాధారమే, కాదనలేం. కాని రాత్రంతా మోటారు ఆడినా అడిగేవారు లేరు. 2020లో బోర్లే ఉచితంగా వేయించే పథకం వచ్చింది. బోరు లేని పేద రైతుకు బోరు కావాలనడం న్యాయమైన కోరికే. అయితే అదే వాగు కింద వున్న పాత బోర్లు ఎండుతుంటే కొత్తది వేసినంత మాత్రాన పేదవాడికి నీళ్లు వచ్చినట్టు కాదు, అప్పుల జాబితాలో ఇంకో పేరు చేరినట్టు.

దీనికి వేరే దారి చూపిన ఊళ్లు ఈ జిల్లాలోనే కొన్ని వున్నాయి. వాసన్ సంస్థ తోడ్పాటుతో అక్కడ బోర్లున్నవాళ్లూ లేనివాళ్లూ ఒక ఒప్పందానికి వచ్చారు. బోర్లన్నిటినీ పైపులైనుతో కలిపారు. వానకాలంలో వేరుశనగ వాడిపోయే సమయానికి బోరు లేనివాడి చేనుకు కూడా స్ప్రింక్లర్లతో ఒకటి రెండు తడులు ఇచ్చారు. అందుకు బదులుగా కొన్నేళ్లపాటు కొత్త బోరు వేయబోమని అందరూ మాట ఇచ్చుకున్నారు. బోరున్న రైతుకు ఇందులో లాభమేమిటని అడగవచ్చు. పక్కన కొత్త బోరు పడదన్న హామీ కంటే అతనికి కావలసిన లాభం ఇంకేముంది?

మహారాష్ట్రలో అహల్యానగర్ జిల్లా హివ్రే బజార్ గ్రామం సంగతి చాలామంది వినేవుంటారు. అక్కడి వాన మన జిల్లా కంటే తక్కువే, 400 మిల్లీమీటర్ల చిల్లర. 1989లో సర్పంచి అయిన పోపట్‌రావు పవార్ నాయకత్వంలో ఊరు కొండలకు కందకాలు తవ్వుకుంది, కట్టలు కట్టుకుంది. ఆ మాత్రం పని మన ఊళ్లలోనూ జరిగింది. తేడా ఆ తర్వాత వచ్చింది. సేద్యానికి బోరు వేయరాదు, చెరకు, అరటి పెట్టరాదు, కొండ మీద ఇష్టం వచ్చినట్టు పశువులను తోలరాదు, చెట్టు కొట్టరాదు అని గ్రామసభ తీర్మానించి నిలబడింది. ఏటా నీటి లెక్క వేసి, వాన తక్కువైన ఏడు రెండో పంట ఎంత తగ్గించాలో గ్రామసభే చెబుతుంది. ఊరు చిన్నది, సర్పంచి మాట చెల్లింది, నిజమే. మూడు నాలుగు పార్టీల జెండాలున్న మన ఊళ్లల్లో అంత తేలిక కాదు.

బంజరు అన్న మాట

భూమి అభివృద్ధి అనగానే అందరి చూపూ పట్టా పొలాల మీదే వుంటుంది. వాన ముందు పడేది కొండ మీద, గుట్ట మీద, మేత బీళ్ల మీద. రికార్డుల్లో వాటిని బంజరు అని రాశారు. ఎందుకూ పనికిరానిది అని దాని భావం. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో 32 ఎకరాల బీడుతో మొదలైన టింబక్టు కలెక్టివ్, తర్వాత చుట్టుపక్కల ఊళ్లవాళ్లతో కలిసి కల్పవల్లి పేరున ఏడు వేల ఎకరాలకు పైగా కొండ బీళ్లను కాపాడింది. గొప్ప ఖర్చేమీ కాలేదు. వేసవిలో నిప్పు పడకుండా, గొడ్డలి పడకుండా కావలి కాశారు. మోళ్లు చిగిర్చాయి, వంకల వెంట ఈత చెట్లు లేచాయి, బోద గడ్డి పెరిగింది. ఈతాకు చాపలు, బుట్టలు అల్లుకునేవారికి పని దొరికింది, గొర్రెలకు మేత దొరికింది.

అటువంటి కొండల మీదనే తరువాతి కాలంలో గాలిమరలు లేచాయి. గాలి కరెంటు మంచిదే, బొగ్గు పొగ కంటే నయమే. కాని పెద్ద పెద్ద రెక్కలు మోసే బండ్ల కోసం కొండలను అడ్డంగా కోసి రోడ్లు వేశారు. ఆ కోతల మట్టి వాన నీటితో కిందికి దిగింది. కాగితం మీద ఆ నేల బంజరు గనుక, ఇరవై ఏళ్లు కాపాడిన ఊళ్లను అడిగి తీరాలన్న నియమం ఎవరికీ అడ్డురాలేదు. పర్యావరణానికి మేలని చెప్పే పని కూడా ఊరి ప్లానులో లేకుండా పైనుంచి దిగితే ఇలాగే వుంటుంది.

ఇప్పుడు ఈ సంగతులన్నీ చెప్పుకోవలసిన అవసరం వచ్చింది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ చట్టం స్థానంలో కొత్త చట్టం చేసింది. పని దినాలు 100 నుంచి 125కు పెంచారు. ఖర్చులో నూటికి 40 వంతులు రాష్ట్రం భరించాలన్నారు. దానిపై వాదోపవాదాలు చాలా వున్నాయి, అవి వేరే చర్చ. పల్లెలు పట్టించుకోవలసిన మాట, పనులు గ్రామ పంచాయతీ ప్రణాళికలోంచే రావాలన్నది. నీటి భద్రత పనులకు అందులో ప్రధానమైన చోటు ఇచ్చారు. అంటే రేపు కొండ మీద కందకం తీయాలన్నా, వంకలో కట్ట కట్టాలన్నా పంచాయతీ కాగితంలో ఏం రాశారన్నదే ముఖ్యం. ఇప్పటిదాకా ఆ కాగితం సంగతి తెలిసిందే. కార్యదర్శి పాత ప్రణాళిక తీసి తేదీ మార్చి, నాలుగు సంతకాలు పెట్టించి పైకి పంపిన ఊళ్లు తక్కువేమీ కాదు.

చెక్‌డ్యాములు మూడు, సేద్యపు కుంటలు ముప్పై అని రాస్తే అది పనుల చీటీయే గాని ప్రణాళిక కాదు. ఊళ్లో బోర్లు ఎన్ని, ఎండినవి ఎన్ని, ఏ పంట ఎన్నెకరాలు, ఊరి కొండ ఎవరి పేరున వుంది, మన వంక నీరు కింద ఏ చెరువుకు పోతుంది అన్నవి అందులో ముందు రావాలి. చివరి ప్రశ్నకు ఒక్క పంచాయతీ జవాబు చెప్పలేదు. వంక పొడవునా వున్న పంచాయతీలు కలిసి కూర్చోవాలి. కొత్త కట్ట ఎక్కడ వేయాలి, వేస్తే కింది చెరువుకు ఎంత వదలాలి, కట్ట కింద కొత్త బోరు పడకుండా ఎవరు చూడాలి అన్నది అక్కడే తేలాలి.

అలా కూర్చోబెట్టే బాధ్యత ఎవరిదో రాజ్యాంగంలోనే వుంది. 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ సవరణతో పదకొండవ షెడ్యూలు చేరింది. పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాల్లో భూమి అభివృద్ధి, నేల సంరక్షణ, వాటర్‌షెడ్ పనులు వున్నాయి. అదే ఏడాది వచ్చిన 74వ సవరణ ప్రకారం, పంచాయతీల, మునిసిపాలిటీల ప్రణాళికలన్నిటినీ కలిపి జిల్లా ప్రణాళిక తయారుచేయవలసింది జిల్లా ప్రణాళికా కమిటీ. అలా కలిపేటప్పుడు నీటి పంపకాన్ని, పర్యావరణ రక్షణను లెక్కలోకి తీసుకోవాలని కూడా అందులో రాసివుంది. మన రాష్ట్రం 2005లో దానికి చట్టం చేసింది. ఆ కమిటీ పేరు పల్లెల్లో ఎందరు విన్నారో చెప్పనక్కరలేదు.

2022 ఏప్రిల్ 4న జిల్లా రెండయ్యాక ఈ పని మరింత చిక్కుపడింది. చిత్రావతి శ్రీ సత్యసాయి జిల్లాలో పుట్టపర్తి, ధర్మవరం ప్రాంతాలు దాటి అనంతపురం జిల్లా వైపు పోతుంది. పరగోడు విషయంలో పక్క రాష్ట్రం పేరు చెప్పి ఊరుకోవచ్చు. ఇక్కడ రెండు కమిటీలూ ఒకే రాష్ట్రంలోవి గనుక ఆ సాకు చెల్లదు.

ఈ జిల్లాలో ఎక్కువ వాన సెప్టెంబరులో పడుతుంది. 2018 నుంచి పంచాయతీ ప్రణాళికల గ్రామసభలు ఏటా అక్టోబరు 2 ప్రాంతంలో మొదలవుతున్నాయి. రబీ విత్తనం ఇంకా పడని రోజులవి. బోర్ల మట్టం కొలిచి, ఆ అంకెలు గ్రామసభలో చదివించడానికి అంతకంటే అదను దొరకదు. వానమాపకానికి, కొలిచే మనిషి కూలికి ఆ సభలోనే పద్దు పెట్టించుకోవలసింది రైతులే.